నేల కింది నీటికి ఊపిరి: పెట్రోలు కలిసిన భూగర్భ జలాన్ని గాలితో శుద్ధి చేసే విధానం

కుళాయి తిప్పగానే నీళ్లకు బదులు పెట్రోలు వాసన గుప్పుమంటే ఆ ఇంటివారు మొదట అనుమానించేది మోటారునో, పైన ఉన్న ట్యాంకునో. నేలను అనుమానించాలని ఎవరికీ తోచదు. 2013లో చెన్నై నగరపు ఉత్తర భాగంలోని తండియార్‌పేటలో నివాసుల బోర్ల నుంచి ఇంధనం కలిసిన నీరు పైకి వచ్చినప్పుడు, దానికి మూలం భూమిలో సాగే ఒక చమురు పైపులైను అని తేలింది. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. పైపుకు పడిన చిల్లును పూడ్చవచ్చు. కానీ అప్పటికే నేలలోకి ఇంకి, నీటితో కలిసిపోయిన ఇంధనాన్ని వెలికి తీయడం ఎలా? ఆ ప్రశ్నకు ఉన్న సమాధానాల్లో ఒకటి వినడానికి విచిత్రంగా ఉంటుంది: నీటి అడుగుకు గాలి పంపడం. ఇంజనీర్లు దీన్ని ఎయిర్ స్పార్జింగ్ అంటారు.

ముందుగా, నేలలోకి దిగిన పెట్రోలు ఏమవుతుందో చూడాలి. పెట్రోలు నీటికన్నా తేలిక. కారిన చోటు నుంచి అది మట్టిరేణువుల సందుల్లోంచి కిందికి జారుతూ నీటిమట్టం తగిలేసరికి ఆగి, దానిమీద పరుచుకుంటుంది. అంతటితో ఆగితే బాగుండేది. వేసవిలో నీటిమట్టం దిగినప్పుడు అదీ దిగుతుంది. వానలకు నీరు లేచినప్పుడు కొంత పైకి వస్తుంది, మరికొంత రేణువుల మధ్య చిక్కుకుని నీటిలో మునిగిపోతుంది. ఇలా నాలుగైదు ఏళ్లు గడిస్తే మీటరు మందాన నేల మొత్తానికి పెట్రోలు పూతపూసినట్లు అవుతుంది. ఆ పూత నుంచి బెంజీన్, టోలీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ అనే పదార్థాలు కొద్దికొద్దిగా నీటిలో కరుగుతూ, నీరు కదిలే దిక్కుగా సాగిపోతాయి. వీటిలో బెంజీన్‌తోనే అసలు భయం. అది రక్తక్యాన్సర్‌కు దారితీయగలదని వైద్యశాస్త్రం ఏనాడో నిర్ధారించింది.

చిన్న లెక్క ఒకటి వేసి చూడండి. మనదేశంలో ఇప్పుడు అమ్ముడవుతున్న బీఎస్-6 పెట్రోలులో బెంజీన్ ఒక శాతానికి మించరాదు. అంటే లీటరు పెట్రోలులో గరిష్ఠంగా 10 మిల్లీలీటర్లు; బరువు 9 గ్రాములకు కాస్త తక్కువ. తాగునీటిలో బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ 9 గ్రాములూ నీటిలో కలిస్తే 8 లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దు దాకా చేర్చగలవు. పదివేల లీటర్ల ట్యాంకర్లయితే ఎనభైకి మించి. చెడగొట్టినది ఒక్క లీటరు పెట్రోలు మాత్రమే. పైగా మన ముక్కును నమ్మడానికి లేదు: నీటిలో బెంజీన్ వాసన తెలిసేసరికి దాని మోతాదు ఆ హద్దును ఎన్నో రెట్లు దాటి ఉంటుంది. వాసన లేని నీరు సురక్షితమైన నీరని అనుకోవడానికి వీలులేదు.

పూర్వం నుంచి ఉన్న పద్ధతి కలుషిత జలాన్ని మోటార్లతో తోడి, పైన శుద్ధి చేసి వదలడం. సహజంగా తోచే ఉపాయమే. కానీ తోడేది నీటిని. మట్టికి అంటుకున్న పెట్రోలు మాత్రం అక్కడే ఉండి, వచ్చే కొత్త నీటిలోకి మళ్లీ కరుగుతుంది. జిడ్డుపట్టిన గిన్నెను చన్నీటితో ఎన్నిసార్లు తొలిచినా జిడ్డు వదలనట్లే. అమెరికాలో జాతీయ పరిశోధన మండలి 1994లో వెలువరించిన నివేదికలో ఈ పద్ధతి అమలైన 77 ప్రదేశాలను పరిశీలించగా, 69 చోట్ల లక్ష్యం నెరవేరలేదని తేలింది. నీటిని బయటికి తేవడం కాకుండా, నీరున్న చోటికే మందు పంపాలన్న ఆలోచనకు బలం వచ్చింది అటువంటి అనుభవాల వల్లనే. 1980ల నడుమ జర్మనీలో మొదలైన స్పార్జింగ్ 1990ల్లో అమెరికాలో విస్తారంగా వ్యాపించింది.

గాలిబావి ఎలా ఉంటుంది?

మన పల్లెల్లో కొత్త బోరు వేశాక కంప్రెసర్‌తో ఫ్లషింగ్ చేయించడం అందరూ చూసినదే. గాలి ఒత్తిడికి బురదనీరు గొట్టంలోంచి ఎగజిమ్ముతుంది. స్పార్జింగ్‌లోనూ కంప్రెసరే, బోరే. తేడా ఏమిటంటే ఇక్కడ గాలి గొట్టంలోంచి తిరిగి పైకి రాకూడదు. అడుగున మట్టిలోకి వెళ్లాలి. అందుకని ఒకటి రెండు అంగుళాల వ్యాసం గల పీవీసీ గొట్టాన్ని కాలుష్యం ఉన్న లోతుకన్నా మరో రెండు నుంచి నాలుగైదు మీటర్లు కిందికి దించుతారు. దాని చివర మాత్రమే, మూడడుగుల లోపు పొడవున, సన్నని చీలికలు ఉంటాయి. చీలికల భాగం అంతకన్నా పొడవుగా ఉన్నా ప్రయోజనం లేదు, ఎందుకంటే గాలి తనకు తక్కువ నీటి ఒత్తిడి ఎదురయ్యే చోటునుంచి, అంటే ఆ భాగపు పై అంచునుంచే బయటపడుతుంది. ఆ పైన గొట్టం చుట్టూ బెంటొనైట్ బంకమన్ను, సిమెంటు గట్టిగా నింపుతారు. ఈ ముద్ర కాస్త సడలినా గాలి గొట్టం వెంబడే పైకి పారిపోతుంది. కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది, కరెంటు బిల్లు వస్తూనే ఉంటుంది, నేలలో మాత్రం ఏమీ జరగదు. కంప్రెసర్ కూడా నూనె తుంపర్లు కలవని రకానిదై ఉండాలి. నూనెను తొలగించడానికి వెళ్లి నూనె ఊదితే అంతకన్నా నవ్వులాట ఉండదు.

ఒత్తిడి విషయంలో చెయ్యి తిరిగినవారే ఉండాలి. మీటరు లోతు నీటిని తోసి గాలి బయటపడాలంటే దాదాపు 10 కిలోపాస్కల్‌ల ఒత్తిడి కావాలి; నాలుగు మీటర్లకు 40. ఆ మీద మట్టి సన్నని రంధ్రాల్లోకి చొరబడటానికి మరికొంత. అవసరమైన దానికంటే ఎక్కువ పెడితే నేల పగుళ్లిస్తుంది. ఒకసారి పగులు ఏర్పడితే గాలి అంతా ఆ దారినే పోతుంది, మిగిలిన మట్టికి అందదు.

నేలలోకి చేరిన గాలి రెండు పనులు చేస్తుంది. మొదటిది, ఆవిరి కావడానికి సిద్ధంగా ఉన్న బెంజీన్ వంటి పదార్థాలను తనలోకి లాక్కుని పైకి మోసుకుపోవడం. నీటిమట్టానికి పైన ఉన్న పొడిమట్టిలో మరికొన్ని బావులు తవ్వి, వాటికి బ్లోయర్లు అమర్చి, ఆ ఆవిరిని పీల్చి, ఉత్తేజిత బొగ్గు గుండా పంపి లేదా కాల్చి నిర్వీర్యం చేస్తారు. రెండో పని నేలలోనే ఉండే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ ఇవ్వడం. పెట్రోలియం పదార్థాలను ఆహారంగా తీసుకునే బాక్టీరియా దాదాపు ప్రతి నేలలోనూ ఉంటాయి. వాటికి లేనిది తిండి కాదు, ఊపిరి. పెట్రోలు కలిసిన చోట నీటిలోని ఆక్సిజన్‌ను అవి త్వరగా వాడేసి, తరువాత మందగిస్తాయి. భీమవరం పరిసరాల్లో రొయ్యల చెరువుల మీద రాత్రంతా తిరిగే ఏరేటర్లు ఎందుకో అక్కడి రైతును అడిగితే చెబుతాడు. స్పార్జింగ్ బావి చేసేదీ అదే పని, కాకపోతే కంటికి కనబడని చెరువులో.

గాలే ఎందుకు, ఆక్సిజన్ నిండిన నీటిని పంపకూడదా అనే సందేహం సహజం. లెక్క దాన్ని తీరుస్తుంది. ఒక గ్రాము బెంజీన్‌ను పూర్తిగా విచ్ఛిన్నం చేయడానికి సుమారు 3 గ్రాముల ఆక్సిజన్ కావాలి. ఘనమీటరు నీటిలో, అంటే వెయ్యి లీటర్లలో, గాలి నుంచి కరిగి ఉండగల ఆక్సిజన్ 8 గ్రాముల చిల్లర మాత్రమే. అదే ఘనమీటరు గాలిలో 270 గ్రాములకు పైగా ఉంటుంది. ముప్పై రెట్లకు మించిన ఈ తేడాయే పద్ధతి మొత్తానికి ఆధారం. గాలి ఉచితం కూడా. ఖర్చంతా దాన్ని కిందికి తోయడానికే.

బుడగలు కావు, దారులు

ఈ పద్ధతిని వర్ణించే బొమ్మల్లో సాధారణంగా బావి అడుగునుంచి బుడగలు గుంపుగా లేస్తూ, చుట్టూ గొడుగులా విచ్చుకుంటూ కనిపిస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది గాని నిజం కాదు. 1993లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పరిశోధకులు గాజుపూసలు నింపిన పారదర్శకమైన తొట్టెలోకి గాలి పంపి చూశారు. నాలుగు మిల్లీమీటర్ల పూసల మధ్య, అంటే గులకరాళ్లంత సందుల్లో, గాలి బుడగలుగానే లేచింది. కానీ మిల్లీమీటరుకన్నా సన్నని పూసల్లో బుడగల మాటే లేదు. గాలి తనకు అనువైన కొన్ని సన్నని దారులను ఎంచుకుని, వాటిగుండానే నిలకడగా పారింది. నిజమైన ఇసుక నేలలు ఎక్కువగా ఈ రెండో తరహావి.

దీని పర్యవసానం చిన్నది కాదు. దారికి పక్కనే ఉన్న నీరు గంటల్లో శుభ్రపడుతుంది. రెండు దారుల నడుమ ఉన్న నీటికి మాత్రం ఆక్సిజన్ వ్యాపనం ద్వారానే చేరాలి. అది నిలకడ నీటిలో అత్యంత నిదానమైన ప్రయాణం. కాబట్టి కంప్రెసర్‌ను నిర్విరామంగా నడపడం కన్నా కొన్ని గంటలు నడిపి, కొన్ని గంటలు ఆపి, మళ్లీ నడపడం మేలని అనుభవం చెప్పింది. గాలి ఆగినప్పుడు నీరు ఆ దారుల్లోకి తిరిగి చొచ్చుకువస్తుంది. మొదలైనప్పుడు మళ్లీ తొలగుతుంది. ఆ కదలికకు నీరు కలగలుస్తుంది. కరెంటు కూడా ఆదా.

గాలి ఎక్కడిదాకా వెళ్లిందో తెలుసుకోవడం దగ్గరే చాలా ప్రాజెక్టులు మోసపోయాయి. పరిశీలన బావిలో ఆక్సిజన్ మీటరు దించితే అంకె బాగా ఉంటుంది. కానీ ఆ బావి గొట్టమే గాలికి సులువైన దారి అయి ఉండవచ్చు! అప్పుడు మీటరు చూపేది గొట్టంలోని నీటి సంగతి, నేలలోని నీటి సంగతి కాదు. ఈ చిక్కును విప్పడానికి ఎంతో కృషి జరిగిన చోటు అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన, పోర్ట్ హ్యునీమ్ నౌకాదళ స్థావరం. అక్కడి ఇంధన కేంద్రం నుంచి 1984 సెప్టెంబరుకు, 1985 మార్చికి మధ్య దాదాపు 11 వేల గ్యాలన్ల పెట్రోలు, అంటే 40 వేల లీటర్లకు పైగా, నేలలోకి కారిపోయింది. నీరు కొద్ది మీటర్ల లోతులోనే ఉన్న ఇసుక నేల. పెట్రోలులో ఎంటీబీఈ అనే రసాయనం కూడా కలిసి ఉంది. ఇది నీటిలో ఇట్టే కరిగి, బెంజీన్‌ను వెనక్కి నెట్టి దూసుకుపోయే రకం. కాలక్రమంలో దాని జాడ ఒకటిన్నర కిలోమీటర్ల దూరం పాకింది.

శాస్త్రవేత్తలు అక్కడ గాలితో పాటు హీలియం కలిపి పంపారు. పంపిన హీలియంలో ఎంత భాగం పైన పీల్చే బావులకు చిక్కిందో కొలిస్తే, గాలి పట్టు తప్పి పక్కలకు పోతోందా లేదా తెలుస్తుంది. అలాగే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును కలిపి, అది నీటిలో ఏయే చోట్ల కరిగిందో చూస్తే, గాలి నిజంగా తాకిన ప్రదేశాల పటం వస్తుంది. సమతలంగా కనిపించే ఇసుకలోని పల్చని పొరల తేడాలు కూడా గాలి పోకడను మార్చివేస్తాయని ఇటువంటి పరీక్షలు చూపించాయి. ఈ పరిశోధనల సారంగా 2002లో వెలువడిన మార్గదర్శకం బావుల మధ్య దూరం 15 అడుగులు, ఒక్కో బావికి నిమిషానికి 20 ఘనపుటడుగుల గాలి అని ప్రామాణికంగా సూచించింది. అంతకుముందు ఒక్క బావి ప్రభావం ఎంతో దూరం ఉంటుందని లెక్కగట్టి, తక్కువ బావులతో సరిపుచ్చినవారికి ఇది చేదుమందే.

ఎంటీబీఈ గాలితో ఆవిరై పోవడానికి అంతగా ఇష్టపడదు. ఆ గుణం బెంజీన్‌తో పోలిస్తే ఎనిమిదో వంతు మాత్రమే. అందువల్ల పోర్ట్ హ్యునీమ్‌లో భారం సూక్ష్మజీవుల మీద పెట్టారు. కలుషిత నీరు సాగే దారికి అడ్డంగా దాదాపు 150 మీటర్ల పొడవున బావులు వరుసగా తవ్వి, కొన్నింట గాలి, కొన్నింట ఆక్సిజన్ పంపారు. కాలుష్యం దట్టంగా ఉన్న మధ్యభాగంలో ఎంటీబీఈని తినగల బాక్టీరియాను నేలలో ప్రవేశపెట్టారు. నీరు ఆ అదృశ్యమైన కంచెను దాటి వెళ్లాక ఎంటీబీఈ లీటరుకు 5 మైక్రోగ్రాముల దిగువకు పడిపోయింది. బాక్టీరియాను ప్రత్యేకంగా చేర్చని భాగాల్లో కూడా, గాలి అందాక, స్థానిక జీవులే ఆ పనికి అలవాటుపడ్డాయి. నేలకు తన సొంత వైద్యం తెలుసు, కావలసిన సరంజామా మనం అందించాలి.

మన నేలకు ఇది పనికివస్తుందా?

అన్ని చోట్లా కాదని ముందే చెప్పాలి. తెలంగాణలో అత్యధిక భాగం, రాయలసీమలో చాలా భాగం గ్రానైటు వంటి గట్టిరాతి నేల. అక్కడ నీరు రాతి పగుళ్లలో ఉంటుంది. ఆ పగుళ్లలోకి గాలి ఊదితే అది ఎటు పోతుందో, ఎక్కడ తేలుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ, తీరప్రాంతపు ఇసుక నేలల్లోనూ అవకాశం మెరుగు. అయితే డెల్టాలో ఇసుక మధ్య బంకమట్టి పొరలు ఉంటాయి. పైకి లేవవలసిన గాలి అటువంటి పొర కింద చిక్కుకుని అడ్డంగా పాకుతుంది. తనతో పాటు పెట్రోలు ఆవిరిని మోసుకుంటూ ఏ సెల్లార్‌లోనో, డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోనో తేలితే అది ప్రాణాల మీదికి వస్తుంది. గాలిలో పెట్రోలు ఆవిరి ఒకటిన్నర శాతం లోపే ఉన్నా నిప్పురవ్వకు అంటుకోగలదు. ఇళ్లు కిక్కిరిసిన పేటల్లో ఆవిరిని పీల్చే ఏర్పాటు లేకుండా, పంపే గాలికన్నా ఎక్కువ పీల్చగల సామర్థ్యం లేకుండా స్పార్జింగ్ మొదలుపెట్టడం నేరంతో సమానమని ఈ రచయిత అభిప్రాయం.

నీటిపై పెట్రోలు పొరగా తేలుతున్న దశలోనూ గాలి ఊదకూడదు. గాలి మొదలైన కొత్తలో నీటిమట్టం బావి చుట్టూ కొంత ఉబ్బుతుంది. ఆ ఉబ్బు పెట్రోలును పక్కలకు నెడుతుంది. ముందు ఆ పొరను తోడివేయాలి. నీటిలో ఇనుము ఎక్కువైతే మరో బెడద. కరిగి ఉన్న ఇనుము గాలి తగలగానే తుప్పురంగు గసిగా మారి మట్టి రంధ్రాలను మూసేస్తుంది. లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటితే ఈ పద్ధతి తగదని అమెరికా పర్యావరణ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. డీజిల్, కిరోసిన్ వంటి బరువైన ఇంధనాలు గాలితో అంత తేలికగా ఆవిరి కావు. వాటి విషయంలో గాలిని నెమ్మదిగా, తక్కువగా పంపి, సూక్ష్మజీవుల మీదనే ఆధారపడాలి.

ఇప్పుడు మరో అంశం తోడయింది. మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. నేలలోకి కారినప్పుడు సూక్ష్మజీవులకు ఇథనాల్ ఇష్టమైన ఆహారం. ఒక గ్రాము ఇథనాల్‌కు రెండు గ్రాములకు పైగా ఆక్సిజన్ ఖర్చవుతుంది. అవి మొదట దాన్ని తిని, ఉన్న ఆక్సిజన్‌ను ముగించివేస్తే, బెంజీన్ మిగిలిపోయి మరింత దూరం సాగుతుంది. పరిశోధనల్లో ఇది రుజువైంది. ఇథనాల్ మంచిదా చెడ్డదా అనే చర్చ వేరు. లీకు శుద్ధికి పూనుకునేవారు గాలి లెక్కను పాత పెట్రోలు ప్రకారం వేస్తే మాత్రం చాలదు.

కేంద్ర ప్రభుత్వం 2025 జూలైలో కలుషిత ప్రదేశాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. అనుమానిత ప్రదేశాల జాబితా, ప్రాథమిక పరీక్ష, సమగ్ర సర్వే, ఆపై శుద్ధి అనే వరుసను, కలుషితం చేసినవారే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని ఇవి నిర్దేశిస్తున్నాయి. కాగితం మీద వరుస సక్రమంగానే ఉంది. కానీ ఆ వరుస ముందుకు సాగడానికి నెలలు పడుతుంది. బోరులో పెట్రోలు వాసన వచ్చిన ఇంటికి ఆ సాయంత్రమే నీళ్లు కావాలి. అటువంటి ఇంటివారు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఆ నీటిని తాగరాదు, వంటకు వాడరాదు, స్నానానికీ వద్దు. కాచి వాడుకోవచ్చనుకోవడం పొరపాటు: కాచినప్పుడు బెంజీన్ ఆవిరై వంటగది గాలిలోకే వస్తుంది, పక్కనే పొయ్యి మండుతూ ఉంటుంది. ఇళ్లలోని ఫిల్టర్లు ఇటువంటి కాలుష్యానికి తయారైనవి కావు. బోరు గది, నీటి తొట్టె దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. కాలుష్య నియంత్రణ మండలికి, స్థానిక సంస్థకు రాతపూర్వకంగా తెలియజేసి, నీటిని ప్రయోగశాలలో పరీక్షించమని కోరాలి. ఇరుగుపొరుగు బోర్ల నీటిని కూడా పరీక్షించమనడం అవసరం, ఎందుకంటే నేల కింది నీటికి ప్రహరీగోడలు లేవు.

శుద్ధి మొదలైన చోట సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లు పడుతుంది. చివరికి ఒక రోజు నమూనాలన్నీ హద్దుకు లోబడి వస్తాయి, అందరూ సంతోషిస్తారు. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. కంప్రెసర్లు ఆపివేసి, వారాలు కాదు, నెలల పాటు వేచి ఉండాలి. గాలి దారుల మధ్య, బంకమట్టి ముద్దల్లో దాక్కున్న పెట్రోలు ఈలోగా మెల్లగా నీటిలోకి తిరిగి వస్తుంది. కంప్రెసర్ నడుస్తుండగా తీసిన నమూనాతో పని పూర్తయిందని సంతకం పెట్టడం సులభం. స్థానికులు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ నమూనా తీసింది యంత్రం ఆపిన ఎన్నాళ్లకు? ఒక వర్షాకాలం గడిచి, నీటిమట్టం ఒకసారి లేచి దిగాక తీసిన నీటిలో కూడా బెంజీన్ హద్దు లోపలే ఉంటే, ఆ బోరుకు మోటారు తిరిగి బిగించవచ్చు.